పదకొండో వరుసలో పెద్దకొడుకు

ఫ్రీస్లాండ్ టౌన్‌షిప్,
బ్లాక్ ప్రేరీ కౌంటీ, అయొవా.
సోమవారం, 16 సెప్టెంబరు 2019.

కౌంటీ రికార్డుల అధికారి శ్రీ క్రెయిగ్ ఓల్ట్‌మన్ గారి సముఖమునకు, రిటైర్డు పంతులమ్మ ఆర్లీన్ ఐల్డర్స్, వయస్సు 85 సంవత్సరములు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: 1880 జనాభా లెక్కల సూచిక పుస్తకము, 47వ పేజీ, 11వ వరుసలో 'పాలేరు' అని యున్న మాటను 'కొడుకు' అని దిద్దించుట గురించి, దిద్దిన సంగతిని నెబ్రాస్కాలోని విల్మా గారికి శనివారం లోపల ఆఫీసు ముద్రతో తెలియపరచుట గురించి, రికార్డుల గదికి నా పేరు పెట్టకుండా నిలుపుదల చేయుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. వచ్చే శనివారం కోర్టు భవనం నూట యాభై ఏళ్ల పండుగ సందర్భమున పాత రికార్డుల గదికి నా పేరు పెట్టదలచినట్లు తమ ఉత్తరం అందినది. ఇత్తడి పలక కూడా తయారైనట్లు తెలిసినది. దానిపై 'ఒక్క అక్షరం తప్పు పోనివ్వని ఆర్లీన్ ఐల్డర్స్' అని చెక్కించారట. ఆ వాక్యం చదివిన రోజు నుంచి నాకు తిండి సయించడం లేదు.

2. సదరు సూచిక పుస్తకమును 1979లో నేనే తయారుచేసితిని. లైబ్రరీ నేలమాళిగలో పాత లెక్కల మైక్రోఫిల్మును యంత్రం అద్దంలో చూస్తూ చేత్తో రాసుకుని, ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద టైపు కొట్టాను. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు రైతుల లెక్క కూడా విడిగా రాశారు. ఎవరికి ఎన్ని కోళ్లు, ఏడాదికి ఎన్ని గుడ్లు అన్నది సహా. మా ముత్తాత హార్మ్ ఐల్డర్స్‌కు అరవై ఒక్క కోళ్లు. ఆ కోళ్లలో ఒక్కటి తప్పిపోలేదు, ఒక్క గుడ్డు పగల్లేదు. పిల్లవాణ్ణి మాత్రం పోగొట్టాను.

3. ఆ పిల్లవాడి పేరు ఆగస్ట్. 1870 లెక్కలో హార్మ్ ఇంట ముగ్గురు: హార్మ్ 30, రైతు, భార్య ఆంట్యే 27, ఆగస్ట్ 2. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే గడి ఆ ఏడు లేదు. 1880లో గడి పెట్టారు. పిల్లల్లో మొదటి పేరు ఆగస్ట్, 12, కొడుకు. వాడి కింద ఐలర్ట్ 9, మా తాత మైంట్ 7, ట్రీంట్యే 4. మళ్లీ 1885లో రాష్ట్రం వాళ్లు విడిగా లెక్క రాశారు. అందులో ఐలర్ట్ పెద్దకొడుకైపోయాడు. ఆగస్ట్ పేరు అందరికంటే అడుగున, ట్రీంట్యే కింద ఉంది. వయస్సు 17, పాలేరు.

ఆ ఐదేళ్లలో ఏం జరిగిందో ఏ లెక్కలోనూ లేదు. పక్క పొలం దంపతులు జ్వరంతో పోతే వాళ్ల పసివాణ్ణి మనవాళ్లు తెచ్చుకుని పెంచుకున్నారని, తర్వాత సొంత పిల్లలు పుట్టారని మా నాయనమ్మ ఒకసారి నోరు జారింది. ఇంకోసారి అడిగితే, "వెళ్లి కోళ్లను మూసిరా పో" అంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. సొంత కొడుకులు నాగలి పట్టేంత వాళ్లయ్యారు, పెంచిన కొడుకు పాలేరయ్యాడు. 1890 లెక్క ఎలాగూ కాలిపోయింది. 1895లో ఆగస్ట్ మన కౌంటీలోనే లేడు.

4. ఇక నా నేరం. 47వ పేజీ టైపు కొడుతుండగా మా నాన్న డిర్క్ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. జర్మనీ సముద్రతీరం నుంచి వచ్చినవాళ్లం గనుక తమరి ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఒకటే పద్ధతి గదా; పటికబెల్లం ముక్క మీద టీ పోస్తాం, తాగేవాళ్లు చెంచా కప్పులో నిలబెట్టేదాకా పోస్తూనే ఉంటాం. నాన్నది రెండో కప్పు.

"ఏం కొడుతున్నావే?"

"మన ఇల్లే నాన్నా. ఆగస్ట్, పన్నెండేళ్లు, కొడుకు."

"వాడు కొడుకేంటి? పాలేరు."

"ఇక్కడ కొడుకనే ఉంది."

"రాసినవాడు ఎవడు? గుర్రమెక్కి వచ్చిన యాంకీ. మన భాషలో ఒక్క ముక్క అర్థమై చచ్చిందా వాడికి? ట్రీంట్యేని మగపిల్లాడని రాశాడు, దిద్దావుగా? ఇదీ దిద్దు."

"అది వేరు నాన్నా."

"ఏం వేరు? గేటు దగ్గర బోర్డు పాతి నెల కాలేదు, నూరేళ్లుగా ఒకే కుటుంబం అని. రేపు ఎవడో కారు దిగి, మా తాత పెద్దకొడుకు, మా వాటా ఏదీ అంటే నువ్వు చెబుతావా జవాబు?"

అని చెంచా కప్పులో నిలబెట్టాడు. ఇక మాట్లాడేది లేదని.

నేను 'కొడుకు' మీద తెల్లరంగు పూశాను. ఆరేదాకా ఊదాను. దాని మీద 'పాలేరు' అని కొట్టాను. నాన్న చెప్పాడని తప్పించుకోవడానికి లేదు. అప్పటికి నాకు నలభై అయిదేళ్లు. తమరు ఆ పేజీని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడగలరు. అడుగున అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎలా తెలుసంటే, ఏడాదికోసారి ఏదో వంకన ఆఫీసుకు వచ్చి చూసుకుంటున్నాను గనుక.

5. అంతటితో ఆగినా కొంత బాగుండేది. 1981లో నెబ్రాస్కా నుంచి విల్మా అనే ఆవిడ ఉత్తరం వ్రాసినది. ఆఫీసుకు వచ్చే అలాంటి ఉత్తరములకు జవాబులు ఇచ్చు పని అప్పట్లో నాదే. "మా తాతయ్య ఆగస్ట్ ఐల్డర్స్ 1949లో పోయాడు. తాను మీ కౌంటీలో హార్మ్ ఐల్డర్స్ పెద్దకొడుకునని చివరిదాకా చెప్పేవాడు. మా నాన్న లెనర్డ్‌కు ఎనభై రెండేళ్లు. తాను ఎవరి మనవడో కాగితం మీద చూసుకోవాలని ఆయన కోరిక. ఇంకో చిన్న మాట. తాతయ్య కాఫీ చాలనుకుంటే చెంచాను కప్పులో నిలబెట్టేవాడు. ఎందుకో మాకెవరికీ తెలియదు. మీ వైపు ఎవరైనా అలా చేస్తారా?" అని అడిగింది.

నేనిచ్చిన జవాబు తమ ఆఫీసు ఫైలులో ఉన్నది. "1880 లెక్కల ప్రకారము ఆగస్ట్ అను వ్యక్తి సదరు ఇంట పాలేరుగా నుండెను. కుటుంబ సభ్యుడని తెలుపు ఆధారములేవియు లేవు. చెంచా విషయమై ఈ కార్యాలయము వద్ద సమాచారము లేదు."

ఆ చివరి వాక్యం కొడుతున్నప్పుడు నా పక్కన కప్పులో చెంచా నిలబడే ఉంది. కాగితం అడుగున కౌంటీ ముద్ర కూడా నొక్కాను.

6. దానికి విల్మా కృతజ్ఞతలు చెబుతూ కార్డు పంపింది. వాళ్ల నాన్న ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడట. ముద్రను వేలితో తడిమి చూశాడట. "అయితే ముసలాడు మాకు బతికినంత కాలం అబద్ధమే చెప్పాడన్నమాట" అన్నాడట. తండ్రి సమాధి పక్కన తనకని అట్టిపెట్టుకున్న చోటు వదిలేసి, ఊరికి అవతలి వైపు శ్మశానంలో కొత్త చోటు తీసుకున్నాడు. 1984లో ఆయన్ను అక్కడే పెట్టారని మరో కార్డు వచ్చింది. కొడుకు చేత తండ్రిని అబద్ధాలకోరు అనిపించింది నేను. ఈ ముప్పై ఎనిమిదేళ్లలో చర్చిలో ప్రతి ఆదివారమూ పాపాలు ఒప్పుకొనుచున్నాను గాని, ఇది మాత్రం 'తదితరములు' కింద చెప్పుకుంటూ వచ్చాను.

7. ఇప్పుడు తమ ఆఫీసువారు పాత ఉత్తరాల్లోని చిరునామాలన్నిటికీ పండుగ ఆహ్వానం పంపిరి. విల్మా గారికి ఎనభై ఎనిమిదేళ్లు. కొడుకు కారులో వస్తున్నది. "మా తాతయ్య తనది కాని ఇంటిపేరు పెట్టుకుని మాకూ అంటగట్టాడు. ఐల్డర్స్ వారికి అందరి ముందూ క్షమాపణ చెప్పుకోవాలి. ఆ బరువు దించుకుని పోతాను" అని తమకు వ్రాసినది. తమరు దయతో కార్యక్రమ పత్రంలో అచ్చు వేయించారు: పదకొండుంబావుకు విల్మా గారి క్షమాపణ, ఐదు నిమిషాలు, పదకొండున్నరకు పలక ఆవిష్కరణ.

అనగా ఆవిడ నాకు క్షమాపణ చెప్పును. నేను ముందు వరుసలో కూర్చుని దానిని స్వీకరించి, ఆ తర్వాత లేచి నా పేరు మీది ముసుగు తీయవలెను. అయ్యా, ఇది నా వల్ల కాదు.

8. ఆవిడకు నేరుగా చెప్పరాదా అని తమరు అడగవచ్చును. పన్నెండు ఉత్తరాలు మొదలుపెట్టి చింపాను. గురువారం ఫోను చేశాను.

"ఎవరూ? అయొవా టీచరమ్మా!" అంది. "ఎంత మంచిదానివి తల్లీ, నీ అంతట నువ్వే చేశావు. నీబోటి వాళ్లుండబట్టి మాకు నిజం తెలిసింది. లేకపోతే ఆ అబద్ధం నా మనవల దాకా పోయేది. ఏం తెమ్మంటావు చెప్పు? ప్లమ్ జామ్ తింటావా?"

తింటానని చెప్పి పెట్టేశాను.

9. తమరు నాలుగో తరగతిలో నా దగ్గర చదువుచుండగా ప్రోగ్రెసు కార్డులో ఒక మార్కు దిద్దుకుని తండ్రిగారికి చూపించిన సంగతి తమకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. తమరిని తరగతి ముందు నిలబెట్టి, అసలు మార్కు ఎంతో గట్టిగా చదివించాను. తమరు ఏడ్చారు. "ఉన్నది ఉన్నట్టు రాయి, అదొక్కటి చాలు నాకు" అన్నాను. అది 1972. ఏడేళ్ల తర్వాత నేనేం చేశానో పైన మనవి చేసుకొన్నాను. ఆ రోజు చేసిన దానికి తమరు నన్ను క్షమించనవసరం లేదు, పని మాత్రం చేసిపెట్టండి.

కాబట్టి తమరు దయయుంచి 11వ వరుసను దిద్దించి, 1979లో మార్చినది ఎవరో, ఎందుకో కింద వ్రాయించి, తప్పు ఆఫీసుది కాదనీ నాదేననీ తెలుపుతూ విల్మా గారికి ముద్రతో ఉత్తరం పంపవలెను. క్షమాపణను కార్యక్రమం నుంచి తీసివేయవలెను. పలకను ఏం చేయాలో తమ చిత్తం. ఇత్తడి గనుక వెనకవైపు వేరే పేరు చెక్కించుకోవచ్చును.

ఇదంతా తమరు చిత్తగించవలెను. శనివారం లోపలే చిత్తగించవలెను.

తమ విధేయురాలు, విధేయత ఎక్కువై చెడిన మనిషి,
ఆర్లీన్ ఐల్డర్స్

తా.క. క్రెయిగ్, కవరు అంటించాక మళ్లీ చింపాను. మొత్తం చదువుకుంటే సిగ్గేసింది. అప్పుడు ఆఫీసు ముద్ర చాటున దాక్కున్నాను, ఇప్పుడూ దాని వెనకాలే నిలబడి నిన్ను ముందుకు తోస్తున్నాను. అందుకని ఇందాక విల్మాకు మళ్లీ ఫోను చేశాను. జామ్ మాట ఎత్తకముందే మొత్తం చెప్పేశాను.

వాళ్లింట్లో టీవీలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. ఆవిడ అది ఆపేసింది.

"చదువు" అంది.

"ఆగస్ట్. పన్నెండేళ్లు. కొడుకు."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"మరి చెంచా?"

"మా ఇళ్లలో అందరం అలాగే పెడతాం అక్కా."

లెక్క ప్రకారం అక్కే అవుతుంది గదా. ఆగస్ట్, మైంట్ అన్నదమ్ములైతే మేమిద్దరం అక్కచెల్లెళ్లం. అందుకే ఆ మాట వచ్చేసింది.

"అక్కా అనకు" అంది. "ఇప్పుడే అనకు. నాకు చెప్పి ఏం లాభం? నేను తాతయ్యను నమ్మకపోయినా ప్రేమగానే చూసుకున్నాను. ఆయన సమాధి దగ్గరికి ఏటా పోతూనే ఉన్నాను. పోనివాడు మా నాన్న. ఆయనకు రాసింది నువ్వే గదా? నేనక్కడికి రాను, నువ్వే వెళ్లి ఆయనకు చెప్పు." ఫోను పెట్టేసింది.

అందుచేత శనివారం నేనూ రాను, ఆవిడా రాదు. శుక్రవారం తెల్లవారి నెబ్రాస్కా వెళ్తున్నాను. మా తమ్ముడి కొడుకు కారు తోలుతానన్నాడు. ఎందుకో వాడికి దారిలో చెప్పాలి, గేటు దగ్గర బోర్డు ఇప్పుడు వాడిదే.

నువ్వు చేయాల్సింది ఇంతే. విల్మాకు ఉత్తరం తపాలాలో పంపు. ఇంకో ప్రతి లెనర్డ్ ఐల్డర్స్ పేరు మీద తయారుచేసి ఉంచు. ఆయన పోయి ముప్పై అయిదేళ్లయిందని నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు. పోయినవాళ్ల పేరు మీద కాగితం ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవని అంటావేమో, ఒప్పుకునేలా రాయి, అంత చదువు చెప్పాను నీకు. గురువారం ఎనిమిదింటికి ఆఫీసు తలుపు తీసేసరికి నేను కౌంటరు దగ్గర ఉంటాను.

ముద్ర గట్టిగా నొక్కు నాయనా. ఆయన వేలితో తడిమి చూసుకునే మనిషి.