దేవుడి అర్ర గోడ

జనగామ,
కార్తీక సోమవారం, 1984.

చి. ప్రమీలకు అమ్మ దీవెనలు. పాలకుర్తి సోమన్న చల్లగా చూస్తున్నాడు, ఇంట్లో అందరం బాగున్నాం. హాస్టలు తిండితో చిక్కిపోయావేమోనని నా బెంగ.

కాలేజీలో మన ఇంటి గురించి రాయాలని నువ్వు అడిగినవన్నీ బాపుతో కనుక్కున్నాను. రైలుదారి పడుతున్న రోజుల్లో ఆముదాల వ్యాపారం చేస్తూ మీ ముత్తాత కట్టించాడట. ముందు దుకాణం, వెనక నడుమ ఆకాశం కనబడే భవంతి, బజారు వైపు చెక్క వరండాతో మేడ. టేకు స్తంభాలు కొత్తగూడ అడవి నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చాయి. గోడలకు గానుగలో తిప్పిన డంగుసున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం.

దేవుడి అర్ర గోడ అద్దంలా ఎందుకు మెరుస్తుందని అడిగావు. ఆ గోడ ఇప్పుడు అట్లా లేదు తల్లీ.

దసరాకు మరిపెడ నుంచి మీ రుక్మిణి మేనత్త వస్తే నీ ప్రశ్న ఆమెను అడిగాను. “కోడిగుడ్ల సొన కలిపి రుద్దిన్రు పిల్లా. మా తాతకు ఎరికే. సున్నంల కలిసినంక గుడ్డేంది, బెల్లమేంది అని ఊకున్నడట” అని నవ్వింది.

నీచు ఎరగని ఇల్లు. ముప్పై ఏళ్లు నేను నుదురు ఆనించి మొక్కిన గోడ. ఆ పూట నాకు అన్నం దిగలేదు. బాపు భూపాలపల్లి పోయిన రోజు చూసి, మేస్త్రి మల్లేశాన్ని పిలిచి ఆ పూత కొట్టేయమన్నాను. సేటును ఒకమాట అడుగుదామని అతను బతిమాలాడు. నేను వినలేదు. సిమెంటు పూయించి పసుపునీళ్లు చల్లుకున్నాను.

బాపు వచ్చి అడిగితే చెమ్మకు ఊడిందన్నాను. ఆయన మల్లేశాన్ని పిలిపించారు. “నూరేండ్ల గోడకు ఇయ్యాల చెమ్మొచ్చిందా? కూలి కోసం నువ్వే పొడిచినవ్. ఇగ ఈ గడప తొక్కకు” అన్నారు. మల్లేశం నా దిక్కు ఒక్కసారి చూసి, నా పేరు ఎత్తకుండానే పోయాడు. నేను కొంగు సవరించుకుంటూ నిలబడ్డాను.

అప్పటినుంచి దీపం పెడుతున్నాను గాని దేవుడి ముఖం చూడలేకపోతున్నాను. అంతా తెలిసి బతికినన్నాళ్లు అక్కడే పూజ చేసిన మీ ముత్తాత కన్నా నా మడి ఎక్కువా?

ఇంతవరకు రాసి, లేచి వెళ్లి బాపుకు చెప్పేశాను. “ఎన్ని మాటలంటి మల్లేశాన్ని” అని మెల్లగా అని, చెప్పులు తొడుక్కున్నారు. “నువ్వు గూడ రా” అన్నారు. గుమ్మంలో నా కోసం చూస్తున్నారు. మల్లేశం ముందు నోరు ఎట్లా తెరుస్తానో తెలియదు.

నీ కాగితాల్లో చెమ్మకు పోయిందని రాయకు. అమ్మ కొట్టించిందని రాయి.

ఇట్లు,
నీకు ముఖం చూపలేని
అమ్మ