ఒకటిన్నర గరిటె

ఎచిగో మంచుసీమ, ఒతానిజావా గ్రామం, తానబె ఇంటి పెద్దదాన్ని. పేరు తోసె, వయసు అరవై ఎనిమిది, అక్షరం రానిదాన్ని. నేను చెబుతుంటే గుడి భిక్షువు ర్యోకై గారు రాస్తున్నారు. బియ్యపు సారా తయారుచేసే కొట్టాలకు శీతాకాలం పనికి వెళ్లిన నా కొడుకు కిసకుకు దీవెనలు. ఇక్కడ నేనూ నీ పెళ్లామూ ఇద్దరమూ ప్రాణాలతో ఉన్నాం. కప్పుమీద మంచు మనిషెత్తు పేరుకుంది.

"అమ్మ కడుపునిండా తింటోందా?" అని అడిగావు. లేదు. అదే నా ఫిర్యాదు.

అన్నం వడ్డించే చెక్క గరిటె ఎవరి చేతిలో ఉంటే ఇంటి పెత్తనం వాళ్లది. నలభై ఏళ్లు నాది. నా మణికట్టు పడిపోయింది గనక, కొత్త సంవత్సరం ముందురోజు పొరుగింటి గెన్‌బెయి చూస్తుండగా, ఆ గరిటెను కుండ మూతమీద పెట్టి నీ పెళ్లాం మియొకి అందించాను. ఆ రోజు నుంచి నా గిన్నెలో పడేది ఒకటిన్నర గరిటె. అందులోనూ ముప్పాతిక ముల్లంగి తరుగే.

"ఏమే, కోడికి వేస్తున్నావా?" అన్నాను.

"కొలత తప్పిందా అత్తయ్యా? చెప్పండి, దిద్దుకుంటాను" అంది, తల వంచుకునే.

"తెల్లన్నమంతా ఎక్కడికి పోతోంది?"

"బాబుకి."

నిజమే. పొద్దున్నే పోయినవాళ్లకు పెట్టే పెద్దల అరలో, మీ పసివాడి పేరు రాసిన పలక ముందు గుండిగ బోర్లించినట్టు పోస్తుంది. ఆ నైవేద్యం దించాక ఇంటివాళ్లు తినాలి కదా? తీసుకెళ్లి మంచులో కాకులకు విసురుతుంది. వాడు తినని అన్నం ఈ ఇంట్లో ఎవరూ తినకూడదట. నేను గుమ్మంలో కూర్చుని కాకులు తినడం చూస్తాను.

నిరుడు ఇంకొకటి అడిగావు, మియొకి పాలెందుకు పడలేదని. దాని ఒంటి తత్వం అన్నాను. అబద్ధం. బాలింతకు ఒకటిన్నర గరిటె పెట్టింది నేనే. మా అత్త నాకూ అంతే పెట్టింది. నేను బతికాను, నువ్వూ బతికావు. ఇంకాస్త పెట్టమని అది ఒక్కసారి గిన్నె చాపింది. గరిటె తిరగేసి వేళ్లమీద కొట్టాను. బియ్యం పెట్టె నిండుగానే ఉంది, తాళం నా నడుముకుంది. పుట్టిన పదకొండో రోజున పసివాడు ఏడవడం మానేశాడు.

"ఇదీ రాయాలా, తోసె గారూ?" అని భిక్షువు కుంచె ఆపారు. రాయమన్నాను. మియొ పక్కనే కూర్చుని వింటోంది.

దాన్ని వెళ్లగొట్టమని రాయించడానికే ఆయన్ని పిలిపించాను. కానీ కొలత తప్పని ఎవరి ముందు చెప్పను? అది నా కొలతే. మంచు కరిగి నువ్వొచ్చాక గరిటె దాని చేతిలోంచి లాక్కోకు. నేనింకా ఉంటే, అర గరిటె పెంచమని అడుగు. నేను మాత్రం అడగను.

ఇట్లు,
నీ తల్లి తోసె వేలిముద్ర.

సాక్షులు: పొరుగింటి గెన్‌బెయి.
కోడలు మియొ, కొలత సరైనదేనని.