పొడుగు చేతుల గౌను

విజయవాడ,
జూన్ 1974

మేట్రన్ అమలమ్మ గారికి,

మీ నర్సుల గౌన్లు కుట్టే టైలరు సలాం చేసి రాసుకుంటున్నది.

మూట పంపుతున్నానండి. అందులో ఒక గౌను ఎక్కువ ఉంటుంది. లెక్క తప్పి పెట్టింది కాదు.

పోయినేడు మీరు "మీ షాహీదా పది పాసైందిగా, నర్సు ట్రైనింగుకి పంపకూడదూ?" అంటే, నిఖా కుదిరిందన్నాను. అబద్ధమండి. పరాయి మగాళ్లని ముట్టుకునే ఉద్యోగం, చేతులు కనబడే బట్టలు, మావాళ్లు ఏమంటారోనని జంకాను. మా నాన్న కాలం నుంచీ ఆ బట్టల మీదే మా ఇల్లు గడుస్తోంది. ఊళ్లో పిల్లలు తొడుక్కుంటే గౌరవమన్న గౌను నా కూతురికైతే సిగ్గనుకున్నాను.

నిన్న మూట కడుతుంటే బట్టల అడుగున ఈ గౌను కనబడింది. కొలత చూడగానే ఎవరిదో తెలిసింది. చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. దొరసానులు మేట్రన్లుగా ఉన్నప్పుడు మా నాన్న అలాగే కుట్టేవారు. ఆయన కత్తిరించి దాచిన పాత కాగితం కొలతలు వెతికి తీసి, నేను అడ్డు చెప్పడానికేమీ మిగలకుండా కుట్టుకుంది షాహీదా. నన్ను ఒక్క మాటా అడగలేదు. పిల్ల మొహం చూడలేకపోయానండి.

సీటుంటే పంపుతాను. ఆ చేతులు మీ ఆసుపత్రిలో పనికొస్తాయో లేదో చూసి చెప్పండి.

ఇన్నాళ్లూ మీ గౌన్లన్నిటికీ గుండీల కాజాలు కుట్టింది షాహీదాయే. తన గౌనుకి మాత్రం కుట్టుకోలేదు. అవి నేను కుట్టాను. వంకరగా వచ్చాయి, పరీక్షగా చూడకండి.

మీ టైలరు