వెనక తలుపు మీద గీత

చెల్లీ,

నీ కారు తలుపు మీద పడిన గీతకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టనా అని అడిగావు. ఇంత చిన్నదానికెందుకు, రంగు నేనే వేయిస్తానని ఫోన్లో నీ మీద కసురుకున్నాను. నిజానికి ఆ ఫారమంటే నాకు భయం. ఎలా జరిగిందో రాసి, నడిపిన మనిషి సంతకం పెట్టాలట.

పార్కింగులో స్తంభం తగిలిందని నీతో అబద్ధం చెప్పాను. స్కూలు నుంచి పాపని తెస్తుంటే మలుపులో కళ్లకి చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి కారు గోడని రాసుకుని ఆగి ఉంది. ఆ తలుపు పక్కనే పాప కూర్చుంది.

"పెద్దమ్మా, నిద్రపోయావా?" అంది.

"అమ్మకి చెప్పకే" అన్నాను. బుద్ధిగా తలూపింది. దానికేమీ కాలేదు, కానీ ఆ తలూపడం గుర్తొస్తే నాకు ముద్ద దిగడం లేదు.

ఇలా కళ్లు తిరగడం ఇది మూడోసారి. మీ బావకీ తెలియదు. డాక్టరు ఏమంటాడోనని ఆసుపత్రి గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను.

నువ్వు క్లెయిమ్ పెట్టు. జరిగింది జరిగినట్టే రాయి, సంతకం పెడతాను. నీ కారు తాళాలు ఈ కవర్లోనే ఉన్నాయి. బాగానే ఉన్నానని నేనెంత చెప్పినా మళ్లీ నా చేతికివ్వకు. ఈసారి ఆసుపత్రి లోపలి దాకా నువ్వు తోడు రా.

అక్క