సునీతక్క వదులుకున్న పాయింటు

ఆదివారం రాత్రి

చరిత్రకారులకు మనవి: మైపాడు బీచ్‌లో ఫ్రిస్బీ ఫైనల్ మేము ఓడిపోయాము, సగౌరవంగా. స్కోరు సమం, ఆఖరి పాయింటు. మా కెప్టెన్ సునీతక్క ఎదుటి జట్టు కోవూరు వాళ్ల గీత అవతలికి దూకి డిస్కు, అదే ఆ ఎగిరే ప్లాస్టిక్ పళ్లెం, పట్టేసింది; నేలకి తగలకముందే అక్కడ పట్టుకుంటే పాయింటు. గెలిచామని మేమంతా ఎగిరాము. ఈ ఆటలో అంపైరు ఉండడు, ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి. అక్క లేచి, ముఖానికంటిన ఇసుక తుడుచుకుంటూ, "డిస్కు ముందు నేలకి తగిలింది. పాయింటు కాదు," అంది.

"ఎవురూ చూళ్ళా కదక్కా!" అన్నాను.

"నేను చూసినా కదరా, ఎదవా."

మరుక్షణమే కోవూరు వాళ్లు పాయింటు కొట్టి గెలిచారు. కప్పు మాత్రం అక్క చేతికిచ్చి ఫొటో దిగారు. మనసులోనే అక్కకు సాష్టాంగపడ్డాను.

కానీ వచ్చేసారి ఆ డిస్కు నా దగ్గరికే వస్తే? కళ్లు మూసుకుని దూకితే సరిపోతుందేమో...