మూడో మలుపు దాటాక గాలి

ప్రియమైన మీకు,

నన్ను అందరూ పిలిచే పేరే రాయమన్నాను: ఉరుమమ్మ. వయసు డెబ్బై రెండు. ఉండేది కొండ కింద, బస్సు షెడ్డు వెనక వీధిలో, పచ్చ తలుపుల ఇల్లు. ఇంట్లో నేను, బడి బస్సు నడిపే కోడలు, ముందుగదిలో మోటార్ సైకిల్. కొడుకు ఓడమీద వంటవాడు, ఏడాదిలో పది నెలలు నీళ్లమీదే కనుక లెక్కలో వేయలేదు. నాలుగు నెలలుగా కొండమీద కూతురింట్లో ఉన్నారు కనుక మిమ్మల్నీ వేయలేదు. రాస్తున్నది పక్కింటి పంతులమ్మ. చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చింది, కానీ తిట్టు వచ్చిన చోటల్లా కలం ఆపుతోంది.

ఇక నా వ్యాజ్యం. నిన్న మెకానిక్కుల బడి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, మన బండిని టేపు పెట్టి కొలిచాడు. "ఏమయ్యా, దానికి చొక్కా కుడతావా?" అని అడిగాను. "మీవారు రాసిచ్చారమ్మా. నెలాఖరున తీసుకెళ్లి ఇంజన్ని నిలువునా కోస్తాం. లోపల ఏం జరుగుతుందో మా పిల్లలకి చూపించాలి" అన్నాడు. "ముందు నన్ను కొయ్యి. లోపల ఏం జరుగుతోందో నీకూ తెలుస్తుంది" అన్నాను. టేపు అక్కడే వదిలేసి వెళ్లాడు.

నలభై ఆరేళ్లు ఆ వెనక సీటుమీద కూర్చున్నదాన్ని. సీటు మీ వైపు కన్నా నా వైపే ఎక్కువ అరిగింది. నన్ను అడగకుండా ఎలా ఇచ్చారు? ఇక కొండెక్కలేదు, దాని పని అయిపోయింది అని రాశారట. మీకు ఆయాసం వస్తే దానికీ అంటగడతారా?

మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు అది ముందుగదిలో తనంతట తానే స్టార్టయినట్టు వినిపిస్తుంది. దుప్పటి కింద పిల్లి గురక పెట్టినంత మెల్లగా. లేచి వెళ్లి చెయ్యి వేస్తే ట్యాంకు చల్లగా ఉంటుంది. అయినా కాసేపు చెయ్యి తియ్యను.

నా కోరిక ఒకటే. ఆ బండి కొండెక్కి మీ గేటు ముందు ఆగితే, మీరిచ్చిన కాగితం వెనక్కి తీసుకుని చింపేయాలి. తొయ్యం, లారీలో ఎక్కించం. నడిపేది కోడలు, వెనక నేను. బాగుచేసేదీ మేమే. ఒప్పుకుంటారో లేదో రాయండి. డొంకతిరుగుడు వద్దు.

ఇట్లు,
మీ ఉరుము
(వేలిముద్ర)


ప్రియమైన ఉరుమూ,

నీ ఉత్తరం అమ్మాయి పైకి చదివింది. నువ్వే వచ్చావేమోనని పక్కింటివాళ్లు తొంగిచూశారు.

బండిమీద నాకు కోపమేమీ లేదు. కింద దుమ్ము నా ఊపిరితిత్తులకి పడదు, దిగొద్దని డాక్టరు చెప్పేశాడు. నువ్వు రావే అంటే "కూతురింట్లో కూర్చుని తినను" అంటావు. నేను దిగను, నువ్వు ఎక్కవు. మధ్యలో అది దుప్పటి కప్పుకుని ఎవరికోసం చూడాలి? ముప్పై ఏళ్లు లేత్ మెషిన్ ముందు నిలబడ్డవాణ్ని, ఇనుము ఊరికే కూర్చుంటే చూడలేను. నలుగురికి పాఠమైనా అవుతుందనుకున్నాను.

ఇక్కడ పొద్దున్నే మబ్బు కిటికీలోంచి గదిలోకి వస్తుంది. మంచం చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ ముట్టుకోకుండా వెళ్లిపోతుంది. అందులో నువ్వు ఏదో అంటున్నట్టు ఉంటుంది. తిట్లు లేవు కనుక నువ్వు కాదని తేల్చుకుని మళ్లీ కళ్లు మూసుకుంటాను.

సరే, పందెం ఒప్పుకున్నాను. గడువు నెలాఖరు. గేటు ముందు ఆగాలి, అంతకు ఒక్క అడుగు ఇవతల కాదు. నా సాయం మాత్రం అడగొద్దు.

నీ ఇంటాయన


ప్రియమైన మీకు,

మూడు వారాలు రాయకపోతే ఓడిపోయాననుకున్నారేమో. పని ఉండి రాయలేదు.

వంటగది బల్లమీద కార్బొరేటర్ విప్పాం. పళ్లెంలో కిరసనాయిలు పోసి ఒక్కో ముక్కా కడిగాను. గాలిడబ్బా మూత తీసేస్తే ఇంజన్‌కి ఊపిరి బాగా ఆడుతుందని కోడలంది. తీశాం. ఆడటం మాట అటుంచి దగ్గడం మొదలెట్టింది. గాలి పెరిగింది, దానికి తగ్గ పెట్రోలు లేదు. పెట్రోలు దూరేది జెట్ అనే ఇత్తడి ముక్కలోంచి కదా, దాని నడుమ వెంట్రుక పట్టేంత బెజ్జం. కుట్టుసూది తీసుకుని ఆ బెజ్జం కాస్త పెద్దది చేశాను.

"అత్తయ్యా, మీరు చెవి కుట్టడం లేదు!" అని కోడలు అరిచింది.

"చెవి అయితే ఇంత జాగ్రత్త పడేదాన్ని కాదు" అన్నాను.

బిగించి స్టార్ట్ చేస్తే ఏం చెప్పను! నీళ్ల గ్లాసు ట్యాంకుమీద పెట్టాను. నీళ్లు నిద్రపోయేవాడి కనురెప్పలా కదిలాయి, అంతే. అక్షరం రాకపోయినా నాకు ప్లగ్గు చదవడం వచ్చు: మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువైనట్టు. మసి లేదు, తెలుపూ లేదు, చక్కటి బిస్కెట్ రంగు. పంతులమ్మని పిలిచి చూపించాను. నూటికి నూరు వేసింది.

ఆదివారం బయల్దేరాం. మొదటి మలుపు నవ్వుకుంటూ దాటింది. రెండోది కూడా. కోడలు నాలుగుసార్లు అంది: "నడుం పట్టుకోండి అత్తయ్యా, మెడ కాదు." మూడో మలుపు దాటాక గొంతు బొంగురుపోయింది. వెనక్కి చూస్తే నల్లటి పొగ. ఆగిపోయింది. పది తన్నులు తన్నింది కోడలు, కదల్లేదు. ప్లగ్గు విప్పితే బొగ్గు.

పైన మబ్బు పక్కకి జరిగినప్పుడు అమ్మాయి ఇంటి ఎర్ర రేకులు కనిపించాయి. "ఇక్కణ్నుంచి పిలిస్తే మామయ్యకి వినిపిస్తుంది" అంది కోడలు. "పిలవను" అన్నాను. ఇంజన్ లేకుండా బ్రేకులమీద దిగివచ్చాం. అంత దూరం ఆ బండిమీద చప్పుడు లేకుండా వెళ్లడం అదే మొదటిసారి. చెట్లు మాత్రం వెనక్కి జారిపోతున్నాయి. నిజంగా దిగుతున్నానో నిద్రపోయానో తెలియలేదు.

ఇంటికొచ్చి ప్లగ్గు తుడిచి తంతే ఏమీ ఎరగనట్టు మళ్లీ పాడింది! ఎక్కడ తప్పిందో అర్థం కావడం లేదు. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి. ఇది సాయం అడగడం కాదు, జరిగింది చెప్పడం. జవాబు ఉంటే పాలవ్యాను డ్రైవరు చేతికివ్వండి, తపాలా నత్తలా వస్తుంది.

ఇట్లు,
మీ ఉరుము
(వేలిముద్ర)


ప్రియమైన ఉరుమూ,

సాయం చేయనన్నాను, చేయను. ఇది వాతావరణ వార్త అనుకో.

ఇక్కడ గాలి పలచన. మూడో మలుపు నుంచే తేడా తెలుస్తుంది. కింద గాలికి సరిపోయిన పెట్రోలు ఇక్కడి గాలికి ఎక్కువైపోతుంది, కాలలేక మసి అవుతుంది. సూదితో బెజ్జం పెద్దది చేశావు కనుక మరీను. నీ చెవి తప్పు వినలేదే. కింద గాలికి నువ్వు చేసింది సరిగ్గా సరిపోయింది. ఎక్కాల్సింది మాత్రం పైకి.

నా పనిముట్ల పెట్టె అడుగు అరలో రేకు డబ్బా ఉంది. పెళ్లయిన కొత్తలో ఈ కొండకోసమే లేత్‌మీద తిప్పిన చిన్న జెట్ అందులో ఉంటుంది. అది వెయ్యండి. ఒక్క మాట. అది వేశాక కింద బండి వినసొంపుగా ఉండదు. తుమ్ముతుంది, వేడెక్కుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది. బెంబేలు పడి మళ్లీ మార్చకండి. మొదటి మలుపుదాకా మెల్లగా రండి. ఇంట్లో బాగా నడిచే బండి, నా దగ్గరికి వచ్చే బండి, రెండూ ఒకటి కావు.

పందెంలో ఎదుటివాడు ఇలా రాయకూడదని నాకూ తెలుసు. ఆదివారం నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. రెండో మలుపు వినిపించింది. మూడోది వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నానని అమ్మాయి కోప్పడింది.

నీ ఇంటాయన


ప్రియమైన మీకు,

ఈ ఉత్తరానికి తపాలా అక్కర్లేదు, పాలవ్యానూ అక్కర్లేదు. మీరు వరండాలో కుర్చీలో నిద్రపోతున్నారు. నేను మూడడుగుల దూరంలో మెట్లమీద కూర్చుని చెబుతున్నాను, కోడలు ఒళ్లో కాగితం పెట్టుకుని రాస్తోంది. లేపనా అంటే వద్దన్నాను. లేస్తే మాట్లాడతారు, మాట్లాడితే పోట్లాట. ముందు నా వాంగ్మూలం పూర్తికానీ.

చిన్న జెట్ వేశాక బండి మీరన్నట్టే పాడైంది. వీధి చివరిదాకా తుమ్ముతూనే వచ్చింది. వీధంతా నవ్వింది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. రెండో మలుపులో తుమ్ములు తగ్గాయి. మూడో మలుపు దాటాక మబ్బులోకి దూరాం, దారి కూడా కనపడలేదు, అప్పుడు కుదురుకుంది. కోడలు వెనక్కి తిరగకుండానే "విన్నారా అత్తయ్యా?" అంది. విన్నాను. మధ్యాహ్నం కునుకులో వినేది అదే. ఇన్నాళ్లూ ఏ ఎత్తులో వింటున్నానో ఇప్పుడు తెలిసింది.

గేటు ముందు ఆగాం. ఇవతల కాదు, సరిగ్గా గేటు ముందే. అమ్మాయి పరిగెత్తుకొచ్చి గేటు తీసింది. ఇంజన్ ఆపకుండా కాసేపు అలాగే ఉంచమన్నాను. మీరు కళ్లు తెరవకుండానే "వస్తున్నా" అన్నారు. మళ్లీ పడుకున్నారు.

పందెం గెలిచాను. కాగితం వెనక్కి తెప్పించి చింపేయండి. ఇక బండిని, మిమ్మల్ని తీసుకుని దిగిపోవాలన్నది మీకు రాయకుండా దాచిన నా అసలు వ్యాజ్యం. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ జెట్‌తో ఇది కింద సరిగ్గా నడవదు. సూదితో నేను పొడిచిన జెట్ కొంగున కట్టుకుని తెచ్చాను, దిగేటప్పుడు మార్చుకుందామని. మూడో మలుపు దగ్గర కోడల్ని ఆపమని లోయలోకి విసిరేశాను. కావాలంటే మీరు లేత్‌మీద ఇంకోటి తిప్పగలరు. తిప్పకండి.

రేపు బడి ఉంది కనుక కోడలు పాలవ్యానులో దిగుతుంది. పచ్చ తలుపుల ఇల్లు తనది. నేను కూతురింట్లో కూర్చుని తిననన్నాను, ఆ మాట తప్పను. కూర్చోను. తిరిగి పెట్టిన గాలిడబ్బా మూత సరిగ్గా బిగించలేదు, చైను వదులైంది, చాలా పని ఉంది.

ఇట్లు,
ఉరుమమ్మ, వయసు డెబ్బై రెండు, ఇకనుంచి కొండమీద, ఎర్ర రేకుల ఇల్లు
(వేలిముద్ర)

సాక్షులు: రాసిన కోడలు, గేటు తీసిన కూతురు.
ఎదుటి పక్షం సంతకం: ఆయన లేచాక.