గోడ మీది చేపలు

అమ్మగారికి నమస్కారాలు.

మీ మనవరాలి గదికి నిన్న కొత్త రంగు వేయించాం. ఎవరి నోటనో వినేకన్నా నేనే రాయడం న్యాయమనిపించింది. కడుపుతో ఉన్నప్పుడు మీ అమ్మాయి గోడ నిండా వేసిన నీలం చేపలు ఇక లేవు.

సవతి తల్లి చెరిపించిందని అనుకుంటారు. కానీ చేపలు తీసేయమని అడిగింది పిల్లే; రెండు నెలలు ఏదో ఒకటి చెప్పి దాటేశాను. పోయిన ఆదివారం పిల్ల నా చెయ్యి పట్టుకుని, "పిన్నీ, ఎవరొచ్చినా ఆ చేపల్నే చూసి ఏడుస్తారు. అమ్మమ్మ కూడా అంతే. నన్నెవరూ చూడరు" అంది. ఎనిమిదేళ్ల పిల్ల ఆ మాట అన్నాక, మర్నాడే పెయింటర్‌కి కబురు పెట్టాను.

పెయింటర్ బ్రష్ పట్టగానే వాళ్ల నాన్న చూడలేక బయటికి వెళ్లిపోయారు. నేను అక్కడే నిలబడ్డాను. ఆవిడ పోయి ఆరేళ్లయినా ఒక్కో పొలుసూ విడివిడిగా కనిపిస్తూనే ఉంది. బీరువా వెనక ఒక చిన్న చేపని వదిలేయమన్నాను. ఆ సంగతి పిల్లకి తెలియదు.

మీరు తప్పకుండా రండి. కోపముంటే నన్ను నాలుగు మాటలనండి, పడతాను. లోపలికి రాగానే మాత్రం గోడ వైపు వెళ్లకండి, ముందు పిల్లని దగ్గరికి తీసుకోండి. ముందు పళ్లు రెండూ వచ్చేశాయి, మీరింకా చూడలేదు.

ఇట్లు,
మీ మనవరాలి పిన్ని